జెండా పండగ రోజు కూడా అడగొచ్చా?

ఆగస్టు 15 పొద్దున మా పలమనేరు వాట్సాప్ గ్రూపులో ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. మీ ఊరి గ్రూపులోనూ అదే జరుగుతుంది. ఆరింటికి మొదటి జెండా జిఫ్ పడుతుంది. ఎనిమిదికల్లా ఫోన్ స్టోరేజ్ నిండిపోతుంది. ఒకే వీడియో నలుగురు పెడతారు, నలుగురికీ నలభై దండాలు వస్తాయి.

మొన్న ఆ దండాల మధ్యలో ఒక ఫొటో వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం చదివే అబ్బాయి పెట్టాడు. ఒక బడి, బడి ముందర జెండా, నేల మీద ముగ్గుపిండితో పిల్లోళ్లు వేసిన భారతదేశం పటం, వెనకాల తరగతి గదిలో వాన నీళ్లు. కింద ఇట్లా రాశాడు: "జెండా పండగ శుభాకాంక్షలు. లోపల గదిలో నీళ్లు కారతా ఉండాయి. ఎవురన్నా చూడండి సార్."

మొదటి జవాబు: "ఈ ఒక్క రోజన్నా గమ్మునుండలేవా?" రెండోది: "దేశాన్ని తక్కువ చేసి మాట్లాడేటోళ్లు ఎక్కువై పోయినారు." మూడోది మీరు ఊహించిందే, పక్క దేశానికి టికెట్. పది నిమిషాల్లో ఫొటో పోయింది. 'మెసేజ్ డిలీట్ చేయబడింది' అన్న బూడిద రంగు గీత మిగిలింది. దాని కింద మళ్లీ జెండాలు మొదలైనాయి. నీళ్లు కారే గది గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆ మూడు జవాబుల గురించే ఈ వారం రాస్తున్నాను. ఎందుకంటే వాటి వెనక ఒకే లెక్క ఉంది: దేశాన్ని ప్రేమించేవాడు పండగ పూట లోపాలు చెప్పడు, చెప్పాడంటే ప్రేమ లేనట్టే. ఈ లెక్క ఎంత తప్పో తెలుసుకోవడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. పలమనేరు బస్టాండుకు పోతే చాలు. అక్కడ పుంగనూరు మీదుగా పోయే మదనపల్లె బస్సు ఒకటి దొరుకుతుంది. మొగిలి ఘాట్ దిగి చిత్తూరు మీదుగా పోతే వేలూరు వస్తుంది. ఈ రెండు ఊళ్లలోనూ మన జాతీయ గీతంతో ముడిపడిన ఒకే మనిషి కథ ఉంది.

ముందు మదనపల్లె. అక్కడి కాలేజీని 1915లో అనీబిసెంట్ పెట్టింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ దక్షిణాది పర్యటనలో అక్కడికొచ్చి కొన్నాళ్లున్నాడు. ఒక రాత్రి కాలేజీలో పాటల కార్యక్రమం జరుగుతుంటే ఆయన 'జనగణమన' పాడాడు, పిల్లలు గొంతు కలిపారు. ఫిబ్రవరి 28న ఆ పాటను తనే ఇంగ్లీషులోకి మార్చి, తన చేతిరాతతో ఇచ్చాడు. బాణీని పడమటి పద్ధతిలో స్వరాలుగా రాసిపెట్టింది మార్గరెట్ కజిన్స్, కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య. మనవాళ్లు గర్వం కొద్దీ పాటే మదనపల్లెలో పుట్టిందంటారు. పుట్టలేదు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలోనే దాన్ని పాడారు. మదనపల్లెలో జరిగింది స్వరాలు రాయడం, అనువాదం చేయడం. అది తక్కువ గొప్పేమీ కాదు, దానికింకోటి కలపక్కర్లేదు.

ఇంతవరకూ క్విజ్ పోటీల్లో వచ్చేదే. ఆ గదిలో ఉన్న మనుషులెవరు అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

మార్గరెట్ కజిన్స్ ఐర్లండు ఆవిడ. ఆడవాళ్లకు ఓటు హక్కు కావాలని కొట్లాడి 1910లో లండన్లో, 1913లో ఐర్లండులో జైలుకు పోయింది. రెండోసారి చేసిన నేరం డబ్లిన్‌లో ప్రభుత్వ కోట కిటికీల అద్దాలు పగలగొట్టడం. (అద్దాలు పగలగొట్టమని నేను చెప్పడం లేదు. ఆర్టీసీ వాళ్లు కూడా ఈ కాలమ్ చదువుతారు.) ఆమె భర్త జేమ్స్ మద్రాసుకొచ్చి అనీబిసెంట్ పత్రిక 'న్యూ ఇండియా'లో చేరాడు. 1916లో డబ్లిన్లో బ్రిటిష్ వాళ్ల మీద జరిగిన తిరుగుబాటును మెచ్చుకుంటూ రాశాడు. హోం రూల్ అడిగే బిసెంట్‌కే అది ఎక్కువైంది, పత్రిక నుంచి తీసేయాల్సి వచ్చింది. తర్వాత ఆమే మదనపల్లె కాలేజీలో పని ఇచ్చింది. ఆ బిసెంట్‌ను మరుసటి ఏడు ప్రభుత్వం ఊటీలో నిర్బంధించింది. బయటికొచ్చాక అదే ఏడాది కాంగ్రెస్ అధ్యక్షురాలైంది.

ఇక ఠాగూర్. ఆయన 1916, 17లలో జపాన్, అమెరికా తిరిగి ఉపన్యాసాలిచ్చి, 'నేషనలిజం' అన్న పుస్తకం వేశాడు. జాతీయవాదం మత్తులాగా ఎక్కితే మనిషి మనిషితనం పోతుందని ఆ పుస్తకం సారం. మన జాతీయ గీతం రాసిన ఆయనే ఇది రాశాడు. మా గ్రూపులో ఉండుంటే పక్క దేశానికి మొదటి టికెట్ ఆయనకే బుక్ అయ్యేది.

మదనపల్లె నుంచి పోయిన ఆరు వారాలకు, ఏప్రిల్ 13న, జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగాయి. పంజాబ్‌లో మార్షల్ లా పెట్టారు, వార్తలు బయటికి రానివ్వలేదు. కొంచెం కొంచెంగా తెలిశాక, మే నెలాఖరులో ఠాగూర్ వైస్రాయికి ఉత్తరం రాసి, 1915లో రాజు ఇచ్చిన 'సర్' బిరుదు వద్దన్నాడు. నా మనుషులకు ఇంత అవమానం జరుగుతుంటే ఈ గౌరవం నాకు సిగ్గుగా ఉంది, బిరుదులు తీసేసి వాళ్ల పక్కన నిలబడతాను అన్నది అందులో మాట. ఫిబ్రవరిలో పాట, మేలో ఉత్తరం. రెండూ రాసిన చెయ్యి ఒకటే.

ఆయన గొడవ బ్రిటిష్ వాళ్లతోనే ఆగిపోలేదు. 1921లో దేశమంతా గాంధీ వెనక ఉరికే రోజుల్లో, పరదేశీ బట్టలు కాల్చడం మీద, అందరూ ఒకే మంత్రంలాగా రాట్నం తిప్పడం మీద ఠాగూర్ తన అభ్యంతరాలు అచ్చేశాడు. అడక్కుండా ఒప్పుకోవడం అలవాటైన జనానికి స్వరాజ్యం వచ్చినా అది స్వరాజ్యం కాదని ఆయన భయం. గాంధీ ఏం చేశాడో చూడండి. 'యంగ్ ఇండియా' పత్రికలో అక్టోబరులో జవాబు రాశాడు, ప్రతి పాయింటుకూ ఎదురు వాదించాడు. ఆ వ్యాసానికి పెట్టిన పేరు 'ది గ్రేట్ సెంటినెల్', అంటే పెద్ద కాపలాదారు. తనను తప్పుపట్టినవాణ్ణి కాపలాదారు అన్నాడు. రాట్నం విషయంలో నాకు గాంధీ వాదనే బలంగా అనిపిస్తుంది, ఆకలితో ఉన్నవాడికి పని కావాలి కదా. అయినా ఠాగూర్ అది అడక్కుండా ఉండుంటే గాంధీకి అంత బాగా చెప్పాల్సిన అవసరమే వచ్చేది కాదు.

ఇప్పుడు వేలూరు బస్సు. వేలూరంటే మనకు సీఎంసీ ఆసుపత్రి, ఓపీ చీటీ, క్యారియర్‌లో పెరుగన్నం. దాంతోపాటు అక్కడొక పెద్ద జైలుంది. మార్గరెట్ కజిన్స్ ఈలోపు మద్రాసులో మెజిస్ట్రేట్ అయింది, దేశంలో ఆ పని చేసిన మొదటి ఆడమనిషి. 1932లో ప్రభుత్వం అత్యవసర ఆర్డినెన్సులతో మాట్లాడే హక్కును నొక్కేస్తుంటే, ఆమె మద్రాసులో బహిరంగ సభలో నిలబడి వాటిని తప్పని చెప్పింది. ఏడాది జైలు శిక్ష వేశారు. ఆ ఏడాది గడిపింది వేలూరులోనే. మదనపల్లెలో మన గీతానికి స్వరాలు రాసిన చెయ్యికి, వేలూరులో ఖైదీ నంబరు వచ్చింది. ఆమె పుట్టింది ఈ దేశంలో కాదు, రంగు వేరు, పాలించేవాళ్లకు దగ్గరి రంగు. నోరు మూసుకుని ఉంటే ఆమెను అడిగేవాడే లేడు.

(మదనపల్లెలోనే పుట్టిన ఇంకో ఆయన, జిడ్డు కృష్ణమూర్తి, అసలు నేను ఫలానా దేశంవాణ్ణి అనుకోవడంలోనే గొడవ మొదలవుతుందనేవాడు. ఆయనతో నేను అంతదూరం పోలేను. కానీ మన గాలిలో ఏదో ఉందబ్బా.)

మొత్తం రాయలసీమ తీసుకుంటే ఇంకా పాత కేసు ఒకటుంది. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో బెజవాడ నుంచి 'స్వరాజ్య' పత్రిక నడిపేవాడు. తిరునల్వేలిలో జనం మీద జరిగిన కాల్పుల గురించి ఘాటుగా రాసినందుకు రాజద్రోహం కింద జైల్లో పెట్టారు. 124ఏ అనే సెక్షన్ అది. ఆ రోజు కోర్టు కాగితాల్లో ఆయన ద్రోహి. ఇప్పుడు స్కూల్ వ్యాసరచన పోటీలో దేశభక్తుడు. మధ్యలో ఆయన మారలేదు, ఆయన రాసిందీ మారలేదు.

ఇక్కడ ఒకరు లేచి అడుగుతారు, అడగాలి కూడా: "అదంతా తెల్లోడి కాలం. ఇప్పుడుండేది మన ప్రభుత్వం. మనోళ్లనే తిడితే ఎట్ల?"

ఈ ప్రశ్నకు జవాబు సీమ నుంచే వచ్చింది. అనంతపురం జిల్లా గుత్తికి చెందిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి సుప్రీంకోర్టులో ఉండగా కేరళ నుంచి ఒక కేసొచ్చింది. ముగ్గురు అన్నాచెల్లెళ్లు, ఒకే బడి. క్రైస్తవంలో యెహోవా సాక్షులు అనే శాఖ వాళ్లది. రోజూ ప్రార్థనలో జాతీయ గీతం పాడేటప్పుడు మర్యాదగా నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. దేవుడికి తప్ప ఇంక దేనికీ కీర్తన పాడకూడదని వాళ్ల నమ్మకం. కొన్నేళ్లుగా అట్లాగే జరిగింది, ఎవరికీ ఇబ్బంది లేదు. 1985లో ఒక ఎమ్మెల్యే కంటపడింది. అసెంబ్లీలో ప్రశ్న లేచింది. కమిషన్ వేశారు. కమిషన్ ఏమో పిల్లలు బుద్ధిమంతులు, గీతాన్ని అవమానించలేదు అని చెప్పింది. అయినా జులైలో బడి నుంచి వెళ్లగొట్టారు. హైకోర్టు కూడా పిల్లల మాట వినలేదు.

1986 ఆగస్టు 11న చిన్నపరెడ్డి రాసిన తీర్పును 'బిజో ఇమ్మాన్యుయేల్ కేసు' అంటారు. లా చదివేవాళ్లందరికీ తెలుసు. మిగతావాళ్లం చదవలేదు, చదవాల్సింది మనమే. ఆయన చేసింది చాలా మామూలు పని. చట్టం తెరిచి చూశాడు. జాతీయ గీతం పాడి తీరాలని చెప్పే చట్టం ఎక్కడుంది? లేదు. 1971లో వచ్చిన జాతీయ గౌరవ చట్టం ఏం చెబుతుంది? పాడేవాళ్లను కావాలని అడ్డుకుంటే, పాడేచోట గొడవ చేస్తే శిక్ష అని చెబుతుంది. పిల్లలు అడ్డుకున్నారా? లేదు. నిలబడ్డారా? నిలబడ్డారు. మర్యాదగా నిలబడటమే గౌరవం, నోరు కలపనంత మాత్రాన అవమానం కాదు, మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కూ ఉంది అని తేల్చి, పిల్లల్ని బడిలో చేర్చుకోమన్నాడు. చివరిలో, మన సంప్రదాయంలోనూ రాజ్యాంగంలోనూ ఉన్న సహనాన్ని పలచన చేసుకోవద్దని ఒక మాట కలిపాడు.

గమనించండి, ఆ పిల్లల నమ్మకం సరైనదని ఆయన అనలేదు. నాకూ ఆ నమ్మకం లేదు. గీతం వస్తే నేను లేచి పాడతాను, శ్రుతి కుదరకపోయినా పాడతాను. పక్కన ఒకడు పాడకుండా నిలబడితే నా దేశభక్తి తగ్గిపోదు అన్నది చాలు. తగ్గిపోతుందంటే నాకున్నది అంత పలచని సరుకన్నమాట.

ఆ తీర్పు వచ్చిన ముప్పై ఏళ్లకు మళ్లీ వెనక్కి పోయాం. 2016 నవంబరు 30న సుప్రీంకోర్టే, సినిమా ముందు ప్రతి హాల్లో గీతం వేయాలి, అందరూ లేచి నిలబడాలి అంది. ఆ ఆర్డరుకు ముందే హాళ్లలో సొంతంగా పోలీసు పని చేసేవాళ్లు తయారయ్యారు. అదే ఏడాది గోవాలో వీల్‌చైర్ వాడే మనిషిని లేవలేదని వెనకనుంచి కొట్టారు. లేవలేనివాణ్ణి. 2018 జనవరి 9న కోర్టు తన ఆర్డరు మార్చి, హాళ్లలో గీతం వేయడం తప్పనిసరి కాదంది.

ఫోన్లో రాసేవాళ్లం కాబట్టి ఇంకో రెండు సంగతులు. ఐటీ చట్టంలో 66ఏ అని ఒక సెక్షన్ ఉండేది, ఎవరికైనా చిరాకు పుట్టించే మెసేజ్ పెట్టినా మూడేళ్ల వరకు జైలు. 2012లో ముంబై దగ్గర పాల్ఘర్‌లో ఇద్దరు ఆడపిల్లలు బంద్ గురించి ఒక ఫేస్‌బుక్ పోస్టు వల్ల అరెస్టయ్యారు. ఒకరు రాశారు, ఒకరు లైక్ కొట్టారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్ కొట్టేసింది. చర్చించడం, ఒక వాదాన్ని గట్టిగా వినిపించడం వేరు, హింసకు ఉసిగొల్పడం వేరు, మూడోదాని దగ్గరే చట్టం చెయ్యి వేయొచ్చు అని గీత గీసింది. గాడిచర్లను జైల్లో పెట్టిన 124ఏను 2022 మేలో కోర్టు పక్కన పెట్టించింది. 2024 జులై 1న కొత్త న్యాయసంహిత వచ్చాక రాజద్రోహం అన్న మాట పోయింది. పోయిందని సంబరపడేలోపు 152 అనే సెక్షన్ వచ్చింది. దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ప్రమాదం తెచ్చే పనులకు, మాటలకు, ఎలక్ట్రానిక్ మెసేజ్‌లకు కూడా, యావజ్జీవం దాకా శిక్ష. ప్రభుత్వ చర్యల్ని చట్టబద్ధంగా మార్చాలని విమర్శించడం గురించి కింద ఒక వివరణ ఉంది. ఆ వివరణను స్టేషన్‌లో ఎవరు ఎట్లా చదువుతారన్నది నా భయం. చట్టం పదాలు వెడల్పుగా ఉంటే, దాని కింద పడేది ఎప్పుడూ బలహీనుడి మెసేజే.

మా వీధిలో సైన్యంలో పాతికేళ్లు చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నాడు. నేను ఈ సంగతులన్నీ చెబితే టీ తాగుతూ విన్నాడు. "అడగనీ, ఎవురొద్దన్నారు? ఫొటో పెట్టినోడు ఎంఈఓ ఆఫీసుకు పోయి అర్జీ రాసిచ్చినాడా? అది చెప్పు ముందు" అన్నాడు.

ఈ మాటలో బలముంది. అసమ్మతి అంటే స్టేటస్ పెట్టి పడుకోవడం కాదు. పొద్దున ఒక పార్టీని తిట్టి, సాయంత్రం తన పార్టీ అదే పని చేస్తే గమ్మునుండేవాణ్ణి అసమ్మతివాది అనలేం, అతను రెండో టీము అభిమాని. బస్సు తగలబెట్టేవాడు కూడా నా లెక్కలో రాడు, ఆ బస్సులో ప్రసవానికి పోయే మనిషి ఉండొచ్చు. కానీ పెద్దాయనకు నేను ఒకటి చెప్పాను. అర్జీ ఇవ్వాలన్నా ముందు నోరు తెరవాలి కదా. ఆ అబ్బాయి 'ఎవురన్నా చూడండి సార్' అనే రాశాడు. అది అర్జీనే. ఆఫీసులో సీలు వేయించుకోలేదు, అంతే. పది నిమిషాల్లో ద్రోహి అనిపించుకున్న పందొమ్మిదేళ్లవాడు, రేపు ఆఫీసు మెట్లెక్కుతాడా? పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "ఆ బడి యాడుండాది?" అన్నాడు. చెప్పాను.

ఇంక మన కౌండిన్య ఏనుగులు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఇటొచ్చాయి. రెండు వందల ఏళ్ల తర్వాత మన కొండల్లో మళ్లీ ఏనుగులు కనిపించాయి. 1990లో ప్రభుత్వం 357 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేసింది. మంచిదే. కానీ అడవి గట్టున చేనున్నవాడికి రాత్రి నిద్ర లేదు. చెరకు, అరటి, మామిడి, టమాటా, ఏది దొరికితే అది తొక్కేస్తాయి. మనుషులు చనిపోయారు, కరెంటు తీగలకు ఏనుగులూ చచ్చిపోయాయి. ఇన్నేళ్లూ ఈ రైతులు చేసిందేమిటి? తొక్కేసిన పంట చూపించి అడిగారు, ఫారెస్టు ఆఫీసు ముందర కూర్చున్నారు, పరిహారం చాల్లేదని వచ్చిన ప్రతి నాయకుడి ముందరా గొడవ పెట్టుకున్నారు. వాళ్లను దేశద్రోహులని మా గ్రూపులో ఎవరూ అనలేదు. ఎందుకంటే ఆ చేలు మన మామలవి, బావలవి. మనవాడు అడిగితే కష్టం, ఎవరో అడిగితే ద్రోహం.

2025లో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగుల్ని ఇచ్చింది. మన మండలంలోనే ముసలిమడుగు దగ్గర వాటికి క్యాంపు పెట్టారు, అడవి ఏనుగుల్ని వెనక్కి తోలడానికి. వాటితో సెల్ఫీలు మా గ్రూపులో బోలెడు వచ్చాయి. క్యాంపు పెట్టాక రాత్రిపూట చేలలోకి ఏనుగులు రావడం తగ్గిందా, ఏ ఊర్లో తగ్గింది, ఏ ఊర్లో తగ్గలేదు, పరిహారం ఎన్ని రోజులకు చేతికొస్తోంది? అడవి గట్టున చేనున్నవాళ్లు రాసి పంపండి. 26 జనవరి పొద్దున పంపినా సరే.